నూటికి నూరు వినేవాడు

"గొడుగు," అన్నాను.

అద్దానికి అవతల, పెదాలు కనబడకుండా ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న అట్ట కొంచెం కిందికి జారింది. హెడ్‌ఫోన్లు తీసేయమని సైగ చేసి, లేచి, చెవుల పరీక్ష గది తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"నేనడిగింది 'భోజనం చేశారా' అని," నా కుడిచెవి దగ్గరికి వంగి అంది. "దానికి జవాబు గొడుగా?"

దొరికిపోయాను.

ఫ్యాక్టరీలో సుత్తి యంత్రం మీద పనిచేసేవాళ్ళకి ఏడాదికోసారి ఈ పరీక్ష. వచ్చేది ఈ టెస్ట్ మేడమే. మైకులో ఇరవై అయిదు మాటలు చెబుతుంది. విన్నది విన్నట్టు మనం తిరిగి చెప్పాలి. మొదటి ఏడాది వినే చెప్పాను. రెండో ఏడాది సగం విన్నాను, సగం గుర్తు తెచ్చుకున్నాను. ఈసారి మొత్తం బట్టీ. మంచం, గంట, పలక, గొడుగు. నాలుగో మాట దగ్గర ఆమె లిస్టు వదిలేసింది. నేను వదల్లేదు.

"మరి హెడ్‌ఫోన్లలో బీప్ వచ్చినప్పుడల్లా బటన్ సరిగ్గానే నొక్కారే?"

"మీ వేలు కదిలినప్పుడల్లా నొక్కాను."

"నా చేతుల వంకే చూస్తున్నది అందుకా? నేనింకేదో అనుకున్నాను."

అదీ ఉంది. చెప్పడానికి సమయం కాదు.

"అనుమానం ఎలా వచ్చింది మేడమ్?"

"ఎంత మంచి చెవులకైనా ఒకటో రెండో పోతాయి. పోయిన రెండేళ్ళూ నూటికి నూరు మీ ఒక్కరికే."

"రాయకండి. నన్ను సుత్తి దగ్గర్నుంచి తీసేస్తారు."

"వేరే పని ఇస్తారుగా?"

"పని కాదు. నేను మాట్లాడే మనుషులు ఆ ముగ్గురే."

నిజమే. ఇంట్లో నేనొక్కణ్ణే. సుత్తి దగ్గర మిగతా ముగ్గురూ దెబ్బకీ దెబ్బకీ మధ్య జోకులేసుకుంటారు. ఆ నవ్వులో కలవాలని చప్పుడు పడకుండా చెవులకి పెట్టుకునే ఇయర్‌మఫ్ ఎడమ డిప్ప పైకెత్తి పెట్టుకునేవాణ్ణి. ముందు ఆ చెవే పోయింది. తర్వాత్తర్వాత జోకులూ వినబడలేదు. వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి, ఒక క్షణం ఆలస్యంగా.

ఆమె నా ఫైలు తెరిచింది. ఉన్నదున్నట్టు రాసేసింది.

వారంలో నన్ను స్టోర్‌రూమ్‌లో వేశారు. బోల్టులు, నట్లు, నేను. సామాను కోసం వచ్చిన మా మేస్త్రి కౌంటరు మీదికి వంగి గట్టిగా అరిచాడు.

"చెవుడని చెప్పొచ్చు కదరా. పిలిస్తే పలకవు, పొగరనుకున్నాం. నీ వెనకాల నిన్ను దొరగారు అనేవాళ్ళం."

"వెనకాల ఎందుకు అన్నా, ఎదురుగానే అనాల్సింది. ఎలాగూ వినబడేది కాదు."

నవ్వాడు. సామాను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజుకి నా మాటలు అంతే. టెస్ట్ మేడమ్ మీద ఉన్న కోపాన్ని నట్ల సైజులతో పాటు రోజూ వేరుచేసి పెట్టుకునేవాణ్ణి.

నెల తిరక్కుండా ఆమే వచ్చింది. కంపెనీతో పోరాడి శాంక్షన్ చేయించిన వినికిడి మిషన్లు రెండు, చిక్కుడు గింజలంత, నా చెవుల వెనక తగిలించింది. స్విచ్ వేయగానే ఫ్యాను, కాగితం, ఆమె గాజులు ఒక్కసారిగా మీద పడ్డాయి.

"ఇంత గోల మధ్య ఎలా బతుకుతున్నారు మీరంతా?"

"అలవాటవుతుంది. ఇవి వారం ట్రయల్. ఈ ఫారం ఇంట్లోవాళ్ళు నింపాలి. పక్కగదిలోంచి పిలిస్తే పలికారా లేదా అని. ఇది లేకపోతే మిషన్లు వెనక్కి తీసేసుకుంటారు."

వారం తర్వాత స్టోర్‌రూమ్‌కి వచ్చిన ఆమె చేతికి ఫారం ఖాళీగా ఇచ్చాను.

"ఇదేంటి?"

"ఇంట్లో ఎవరూ లేరు మేడమ్. గోడ చేత పెట్టించనా సంతకం?"

ఆమె నవ్వలేదు. బ్యాగు కౌంటరు మీద పెట్టి, నేరుగా బోల్టుల అరల వెనక్కి నడిచింది. చివరి వరసదాకా వెళ్ళినట్టుంది, చెప్పుల చప్పుడు ఆగింది. అంత దూరం చప్పుడు వినబడటం నాకే వింతగా ఉంది.

"ఏమండీ."

మామూలు గొంతే. అరవలేదు.

"ఆఁ, వస్తున్నా," అన్నాను. అనేశాక ఇద్దరికీ ఒకేసారి తట్టింది, ఆ పిలుపూ ఆ పలుకూ ఎలా ఉన్నాయో. బయటికి వచ్చేసరికి ఆమె ముఖం ఎర్రగా ఉంది.

"పేరు తెలీనివాళ్ళని కూడా అలాగే పిలుస్తారు," అంది.

"నా పేరు మీ ఫైల్లో మూడేళ్ళుగా ఉంది."

ఆమె ఫారం లాక్కుని గబగబా నింపింది. పిలిస్తే పలికారు. ఎంత దూరం నుంచి, ముప్ఫై అడుగులు. సంతకం. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. నేనూ తొంగి చూశాను. అక్కడ అచ్చులో ఒకటే మాట. సంబంధం.

"వదిలేయండి," అన్నాను.

"ఖాళీ ఉంటే ఫారం చెల్లదు."

"అబద్ధం రాస్తే?"

"నేను అబద్ధం రాయను. మీకు తెలుసుగా."

తెలుసు. నన్ను స్టోర్‌రూమ్‌లో పడేసింది ఆ నిజమే.

"అయితే నిజమే చెబుతాను. బట్టీ పట్టింది ఉద్యోగం కోసమే. కానీ ఇంట్లో రాత్రీ పగలూ ఆ ఇరవై అయిదు మాటలూ మీ గొంతుతోనే వల్లించుకునేవాణ్ణి. వేరే గొంతేదీ లేదు నాకు."

ఆమె తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం కదిలింది. రాసి, ఫారం నా వైపు తిప్పి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

సంబంధం అనే గడిలో, ఆమె గుండ్రటి అక్షరాలతో, ఇలా ఉంది.

మా అమ్మతో వచ్చి మాట్లాడాలి.