పువ్వు వద్దు, ఆకు చాలు

మా వంటింటి కిటికీకి పైన గాజులోంచి చలి, కింద రేడియేటర్ నుంచి వేడి. ఆ రెంటి మధ్య గట్టు మీద సీసాల్లో ఉల్లికాడలు, పక్కన పార్స్‌లీ కుండీ, మూలగా మైనపు పూల తీగ. ఉల్లికాడలు నావి. పార్స్‌లీ నాది. తీగ రిమ్మాది.

రిమ్మా నా మొగుడు రోద్యాకి మొదటి పెళ్ళాం. నేను ఈ ఇంటికి రాకముందే జబ్బు చేసి పోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. చచ్చిన పెళ్ళాం కళ్ళు ఎంతుంటాయో రెండో పెళ్ళాన్ని అడగాలి. చేపల పులుసు పెడితే రిమ్మా ఇందులో మిరియాలు ఎక్కువ వేసేదంటాడు. తెర మారిస్తే రిమ్మా పచ్చది కట్టేదంటాడు. ఎముకలు కొరికే చలిలో ఓడరేవు క్యాంటీన్‌లో గరిటె తిప్పి ఇంటికొస్తే, ఈ మనిషి ఆ తీగ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంటాడు. నాకు ఒళ్ళు మండేది. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు. దీన్నేం చెయ్యను?

డిసెంబరు వచ్చింది. ఉత్తర ధ్రువానికి దగ్గరి మా ముర్మాన్స్క్‌లో డిసెంబరంటే సూర్యుడు ఉండడు. మిట్టమధ్యాహ్నం కాస్త నీలంగా వెలుగొచ్చినట్టే వచ్చి పోతుంది, మళ్ళీ చీకటే. తీగ ఆకులు పసుపుబారాయి.

"తాస్యా, దీనికో లైటు తెచ్చిపెట్టవూ? నువ్వైతే మంచిది చూసి తెస్తావు," అన్నాడు రోద్యా.

సవతి మొక్కకి దీపం నేను తేవాలట! అయినా వెళ్ళాను. నేను వెళ్ళకపోతే అతనే వెళ్ళి ఉన్నవాటిలో మంచిది తెస్తాడు కదా.

కొట్లో అమ్మాయి అన్నీ వెలిగించి చూపించింది. మా వీధిలో సగం కిటికీల్లో కనబడే ఊదా రంగుది ఒకటి, అచ్చం ఎండలాంటి తెల్లది ఒకటి, ఉత్త నీలంది ఒకటి.

"మొక్క నుంచి మీకేం కావాలండీ? ఎరుపు ఉంటే పూస్తుంది. ఒట్టి నీలమైతే ఆకే పెరుగుతుంది."

"పువ్వు వద్దు. ఆకు చాలు."

"అందరూ పువ్వు కోసమే కొంటారండీ," అని నవ్వింది. "పోనీ తెల్లది తీసుకోండి. కళ్ళకి హాయి. దాని కింద మనిషి కూర్చుని పుస్తకం కూడా చదువుకోవచ్చు."

"అక్కడ మనిషి కూర్చోకూడదనే తల్లీ నా బాధ. ఆ నీలందే కట్టు."

బతకనీ, కానీ పుయ్యకూడదు. దాని పువ్వు తేనె వాసన రిమ్మా ఒంటి వాసనలాగే ఉంటుందని రోద్యా ఒకసారి నోరు జారాడు. ఆ వాసన నా వంటింట్లో రాకూడదు. అంతే నేను కోరింది.

నీలం దీపం వెలిగించగానే వంటిల్లు శవాల గదిలా అయింది. ఉల్లికాడలు నల్లగా, రొట్టె బూడిదగా, రోద్యా పెదాలు నల్లగా. ఇక ఇక్కడ కూర్చోడులే అని లోలోపల సంబరపడ్డాను. మర్నాడు చూస్తే స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు నా పని పొద్దుటితో అయిపోయింది. మధ్యాహ్నం మా పెరట్లోకి వచ్చేసరికి చీకటి. మంచు కాళ్ళ కింద కరకరమంటోంది. అలవాటుగా తలెత్తి మా నాలుగో అంతస్తు కిటికీ చూశాను. నీలం వెలుగులో రోద్యా. అతని ఎదురుగా ఒక ఆడమనిషి. ముఖం తీగ చాటున ఉంది. జుట్టు పైకెత్తి ముడి వేసుకుంది, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంది, తీగకి నీళ్ళు పోస్తోంది. రోద్యా తలెత్తి ఆమెని చూసి నవ్వుతున్నాడు. నాతో అలా ఒక్కనాడూ నవ్వలేదు.

మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలీదు. ఓహో, ఇన్నాళ్ళూ చచ్చినదాన్ని అడ్డం పెట్టుకుని బతికున్నదానితో వ్యవహారం నడుపుతున్నాడన్నమాట! దాని ముడి ఊడదీసి మెట్ల మీంచి ఈడ్చుకుపోవాలనుకుంటూ తాళం తీశాను.

వంటింట్లో రోద్యా ఒక్కడే ఉన్నాడు.

"ఎక్కడ అది?"

"ఏది?"

"ఇందాక నీతో ఇకిలించిన మనిషి!"

అతను నన్ను వింతగా చూశాడు. "నువ్వే కదా తాస్యా... ఇప్పుడే నీళ్ళు పోశావు. కోటు ఎప్పుడు వేసుకున్నావు?"

గదులు, బీరువా, బాల్కనీ అన్నీ వెతికాను. ఎవరూ లేరు. కుండీలో మట్టి తడిగా ఉంది. అతని ఎదురుగా ఉన్న రెండో స్టూలు మీద చెయ్యి వేశాను. బయట మంచులోంచి అప్పుడే తెచ్చినంత చల్లగా ఉంది. తీగకి ఒక్క మొగ్గ లేదు. అయినా గదంతా తేనె వాసన... తియ్యగా, బరువుగా, గొంతులో అతుక్కునేలా.

నాకు భయం వెయ్యలేదని అంటే అబద్ధం. కానీ భయం కన్నా ముందు కడుపు మండింది. నీళ్ళు పోసింది నేనేనట! నన్ను చూసి నవ్విన నవ్వు కాదు కదా అది!

కింది అంతస్తులో కాపితోలీనా ఉంటుంది. పెద్దావిడ, అందరికీ కాపా పిన్ని. ఆవిడ టీ పోసి, క్రాన్‌బెర్రీ జామ్ ముందు పెట్టి, అంతా విని పెదవి విరిచింది.

"కుండీ ఎత్తి చెత్తలో పారెయ్యి."

"పారేస్తే రోద్యా నన్ను పారేస్తాడు పిన్నీ."

"అయితే దానంతటదే చావాలి. మొక్క ఇచ్చినవాళ్ళకి మనం ఏం చెప్పం?"

"థాంక్స్ చెప్పం. చెప్తే బతకదు." మా ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి అది. కొమ్మ ఇస్తే ముఖం చిట్లించి, ఏదో గొణిగి పట్టుకుపోతాం గానీ ఆ మాట మాత్రం అనం.

"మరి ఆ తీగ నీకు వదిలిపెట్టిందెవరు? వెళ్ళి మర్యాదగా థాంక్స్ చెప్పు. పీడా వదులుతుంది," అని కాపా పిన్ని పళ్ళు లేని నోటితో నవ్వింది. నవ్వి, వెంటనే, "తీగకి అని చెప్పు. ఊరికే నోరు పారేసుకోకు," అంది.

మర్నాడు రోద్యా పనికి వెళ్ళగానే తీగ ముందు నిలబడ్డాను. దీపం సన్నగా గుయ్యిమంటోంది.

"రిమ్మా... నీ తీగకి థాంక్స్."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆకు కూడా కదల్లేదు. అక్కడితో ఊరుకుంటే నేను తాస్యాని ఎందుకవుతాను? ఇన్నాళ్ళ మంట గొంతులోకి వచ్చింది.

"నీ పళ్ళేలకి థాంక్స్! నీ గోడ గడియారానికి థాంక్స్! నువ్వు నాకు వదిలిపోయిన ప్రతిదానికీ థాంక్స్, మహాతల్లీ!"

గుయ్యిమనే చప్పుడు ఆగింది.

దీపం ఆరిపోయింది. కిటికీలోనూ చీకటి, గదిలోనూ చీకటి. తేనె వాసన ఒక్కసారిగా దగ్గరికొచ్చింది... చెవి దగ్గరికి... వెచ్చగా కాదు, చల్లగా.

"ప్రతిదానికీనా...?"

ఎవరో గుసగుసగా అడిగారు. ఆశపడి అడిగినట్టు.

దీపం మళ్ళీ వెలిగింది. వంటింట్లో నేనొక్కదాన్నే.

తీగ చచ్చింది. రెండు రోజుల్లో ఆకులన్నీ రాలి, కాడ ఎండు తాడులా వేలాడింది. నేను గెలిచానని పండగ చేసుకున్నాను, ఏం దాచుకోను. రోద్యా కుండీ ఉన్నచోటే ఉంచి, దీపం వెలుగుతూనే ఉండనిమ్మన్నాడు. తర్వాత రిమ్మా పళ్ళేలు పగలడం మొదలైంది. చెయ్యి తగలకుండానే, అలమరలో ఉన్నవి ఉన్నట్టే, ఒకదాని తర్వాత ఒకటి. ఆ తర్వాత గడియారం ఆగిపోయింది. నేను నా పుట్టింటి నుంచి తెచ్చుకున్న పింగాణీ మాత్రం గీత పడకుండా ఉంది.

పగిలిన ముక్కలు ఊడుస్తుంటే నాకు తట్టింది. రిమ్మా నాకు వదిలిపోయినవాటిలో ఇంకేం మిగిలింది?

చీపురు పారేసి గదిలోకి పరిగెత్తాను. రోద్యా మంచం అంచున కూర్చుని బూట్లు వేసుకోలేక ఆయాసపడుతున్నాడు. మెడ దగ్గర చర్మం పసుపుబారింది... ఆకులా.

"కాళ్ళలో పట్టు లేదు తాస్యా," అన్నాడు.

డాక్టరమ్మ ఎండలేని కాలం కదా, అందరికీ ఉండేదేనని విటమిన్ చుక్కల మందు రాసింది. తాగించాను. కాడ్ చేప కాలేయం పెట్టాను. చచ్చిన తీగ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా... అతన్ని లెక్కలో వెయ్యకు," అని బతిమాలాను. నేను! రిమ్మాని! జవాబుగా తేనె వాసన వచ్చింది, అంతే. మళ్ళీ దీపాల కొట్టుకి పరిగెత్తాను.

"ఆ తెల్లది ఇవ్వమ్మా. ఎండలాంటిది. అన్నిటికన్నా పెద్దది."

"ఈసారి ఏ మొక్కకండీ?"

"మనిషికి."

ఆ అమ్మాయి నవ్వబోయి నా ముఖం చూసి మానేసింది.

తెల్లది మంచం మీద కట్టాను. దాని కింద రోద్యా కళ్ళు మూసుకుని మూలిగాడు. నేను అటు తిరగ్గానే గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి నీలం దీపం కింద కూర్చున్నాడు. అక్కడ మాత్రం అతని ముఖంలో జీవం కనబడింది. ఎదురుగా ఉన్న స్టూలు వైపు చూస్తూ మెల్లగా ఏదో చెప్తున్నాడు. మధ్యమధ్య ఆగుతున్నాడు... ఎవరో చెప్పేది వింటున్నట్టు.

నాకు ఒక్క ఆశే మిగిలింది. జనవరిలో సూర్యుడు తిరిగొచ్చే రోజు. కొట్లో కొన్న వెలుగు కాదు, అసలు ఎండ. ఆ రోజు ఊరంతా కొండెక్కుతుంది. రోద్యాని కోటులో చుట్టి, మఫ్లర్ కట్టి, కుడి చెయ్యి నా భుజం మీద వేసుకుని, మోసినంత పని చేసి పైకి తీసుకెళ్ళాను. ఎవరో అకార్డియన్ వాయిస్తున్నారు. అట్ల వాసన, టీ ఆవిర్లు. ఆకాశం అంచున సూర్యుడి ఎర్రటి ముక్క కనబడగానే జనం కేకలు వేశారు. అందరి ముఖాలూ బంగారం రంగయ్యాయి.

"చూడు రోద్యా, వచ్చాడు! ఇక నీకేం కాదు!" నేను ఏడుస్తున్నాను.

అతను సూర్యుణ్ణి చూడలేదు. తన ఎడమ పక్కకి చూసి నవ్వాడు. పెరట్లోంచి నేను చూసిన నవ్వు.

"చలేస్తోందా? పద, ఇంటికి పోదాం," అన్నాడు ఆ పక్కకి, చాలా మెత్తగా.

నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. వారం రోజులుగా అడుగు సరిగ్గా వెయ్యలేని మనిషి, గాజులాంటి మంచు మీద ఒక్కసారి కూడా జారకుండా కొండ దిగుతున్నాడు. కుడి చెయ్యి జేబులో. ఎడమ మోచెయ్యి మాత్రం వంచి, కాస్త ఎడంగా పట్టుకుని. జారే దారిలో మా మగవాళ్ళు పెళ్ళానికి చెయ్యి అలాగే ఇస్తారు.

"రోద్యా!" అని అరిచాను. అకార్డియన్‌ని మించి అరిచాను.

ఆగాడు. వెనక్కి తిరగలేదు.

నేను పడుతూ లేస్తూ దగ్గరికి వెళ్ళాను. ఎండ ఏటవాలుగా అతని మీద పడుతోంది. పక్కన ఎవరూ లేరు. కానీ మోచేతి లోపలి వైపు మందపాటి కోటు గుడ్డ లోపలికి నొక్కుకుని ఉంది. నాలుగు చోట్ల... సన్నగా, వేళ్ళంత.

నేను చెయ్యి చాపాను. నేను చూస్తుండగానే ఆ నాలుగు నొక్కులూ ఇంకాస్త బిగిశాయి.