తెరిచి ఉన్న జ్ఞాపకం

మధ్యాహ్నానికి ఓదెలు మూడో తీగ మార్చాడు. వేగం పెరగలేదు. తల్లి కొమురవ్వ జ్ఞాపకాలు పాత స్మృతిపేటిక నుంచి కొత్తదానికి చీమల బారులా కదులుతున్నాయి. ఇలాగైతే మూడు రోజులు పడుతుంది. పాతదాని లోపల చక్రం గరగరమంటోంది, సాయంత్రం దాకా తిరిగితే గొప్పే. అది ఆగితే అమ్మకు తన పేరు కూడా మిగలదు. మరుపు జబ్బు ఆమె తలను ఊడ్చేసి ఆరేళ్లయింది. అప్పట్నుంచి గోడకున్న ఆ పేటికే, చెవి వెనకాల బిళ్ల ద్వారా ఆమెకు బతుకు అందిస్తోంది.

ఇంట్లో డిగ్రీ దాకా చదివింది తనొక్కడే కాబట్టి ఏ యంత్రం మొరాయించినా ఓదెలే చూడాలి. చక్రాన్ని ముట్టకుండా, జ్ఞాపకాలు వెళ్లే దారిని మాత్రం పరీక్షించాడు. నిక్షేపంగా ఉంది. అప్పుడు, పేటికను ఎవరు వాడుతున్నారో తెరిచి చూశాడు.

అమ్మే. ఏడాదిగా ఒకే జ్ఞాపకం. పేరు సంపత్.

సంపత్ తన తమ్ముడని ఓదెలుకు కాగితాల మీదే తెలుసు. పోయినవాళ్ల జ్ఞాపకాలను పదో దినం నాడు అందరూ తల్లి పేటికలో అప్పగించి, తేలికపడి లేవడం ఇప్పటి ఆచారం. ఇంటి దుఃఖాన్ని ఒక్కరు మోస్తే చాలంటారు. ఓదెలూ అప్పగించాడు. అతని దగ్గర తమ్ముడి ముఖం కూడా లేదు.

ఒక్క ఎద్దును రెండు బండ్లకు కట్టినట్టయింది చక్రం పని. గంటసేపు ఆ జ్ఞాపకం పక్కన పెట్టమని తల్లిని బతిమాలాడు.

"నేను గూడ విడిస్తే వాడు పుట్టిండని చెప్పేటోళ్లెవరు బిడ్డా?" అంది కొమురవ్వ, కళ్లు తెరవకుండానే.

సాయంత్రం నాలుగైంది. చక్రం రెండుసార్లు ఆగి మళ్లీ తిరిగింది. ఓదెలు బిళ్ల తీసేశాడు. పని ఒక్కసారిగా వేగం అందుకుంది. చీకటి పడకముందే అంతా చేరిపోయింది, ఒక్కటి తప్ప. తెరిచిన జ్ఞాపకాన్ని పేటిక పూర్తిగా బయటికి తీసి, చూడటం ముగిశాకే తిరిగి లోపల పెడుతుంది; మధ్యలో బిళ్ల తీస్తే అది పోయినట్టే. ఏడాది పాటు మూయకుండా పట్టుకు కూర్చునే మనిషి ఉంటుందని దాన్ని చేసినవాళ్లు అనుకోలేదు. సంపత్ పేరు ఎదురుగా సున్నా ఉంది. పాత చక్రం అప్పటికే ఆగిపోయింది.

బిళ్లను కొత్త పేటికకు కలిపి పెట్టగానే కొమురవ్వ లేచి కూర్చుంది. ఆకలైతుందంది. ఏడాదిలో మొదటిసారి అడిగి మరీ రెండోసారి కూర వేయించుకుంది. వంకాయలో ఉప్పు తక్కువైందని కోడలిని దెప్పిపొడిచింది కూడా.

ఓదెలు కంచం పక్కకు జరిపాడు.

"అవ్వా, సంపత్..." అన్నాడు.

కొమురవ్వ వాకిలి వైపు చూసింది.

"ఎవరు బిడ్డా, నీ దోస్తా? వాకిట్ల నిలవెట్టకు, లోపలికి పిలువు. ఇంత తిని పోతడు."