పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య ఎవరిదీ కాని పెట్టె

గురువారం ఉదయం పది గంటలకు వెండెల్ హాస్కెట్‌తో ఉద్యోగం పోయిందని చెప్పారు. పదీ అయిదుకు అతనికి పని అప్పజెప్పారు. రెండూ చెప్పింది ఒక్క మనిషే, అతని పై అధికారి కల్నల్ ఆర్.

"కూర్చో. కాఫీ తాగు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి మన ఆఫీసు రద్దవుతుంది."

"మళ్లీనా?"

"మళ్లీనే."

వెండెల్ కాఫీ తాగాడు. అందులో చక్కెర లేదన్న సంగతి అతనికి తెలియలేదు. వియన్నా నుంచి తిరిగొచ్చాక అలాంటివి పట్టించుకోవడం మానేశాడు.

అది 1947 సెప్టెంబరు. వాషింగ్టన్‌లో ఊరి మధ్యనున్న పొడుగాటి కొలను పక్కనే యుద్ధం రోజుల్లో గబగబా కట్టిన చెక్క భవనాలు ఉండేవి. వానొస్తే కారేవి, ఎండొస్తే లోపలి మనుషులు ఉడికిపోయేవారు. ఆ గదులు తుడిచిన ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఏ తలుపు మీద ఎన్నిసార్లు పేరు మారిందో ఇప్పటికీ చెప్పగలను. యుద్ధం ముగిసిన నెలకే గూఢచారుల ఆఫీసుకి పది రోజులు గడువిచ్చి మూసేశారు. సగం మందిని ఒక శాఖకి, సగం మందిని ఇంకో శాఖకి పంచారు. తర్వాత కొందరిని పోగుచేసి 'గ్రూపు' అన్నారు. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. సైన్యం, నౌకాదళం, విమానదళం మూడింటినీ ఒక మంత్రి చేతికిందికి తెచ్చారు. వాటి పైన ఒక మండలి పెట్టారు. గ్రూపు పోయి 'ఏజెన్సీ' వస్తోంది. రెండేళ్లలో వెండెల్ మెడలో మూడు గుర్తింపు బిళ్లలు వేలాడాయి. నాలుగోది ఒంటిగంటకి ఇస్తారట.

ఆ పంపకాల రోజుల్లోనే అతను వియన్నాలో ఉన్నాడు. తన కోసం పనిచేసే అయిదుగురిని వెంటనే దేశం దాటించాలని తంతి కొట్టాడు. తంతి ఏ బల్ల మీదికి చేరిందో ఆ బల్ల వెనక మనిషి లేడు. ఇరవై మూడో రోజున జవాబొచ్చింది, మీ విభాగం మా రికార్డుల్లో లేదని. అప్పటికే అవతలి పక్షంవాళ్లు అయిదుగురినీ ఉరితీశారు. వెండెల్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత అతనికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. గడియారం చూసుకుని అన్నం వేళయిందంటే తినేవాడు.

కల్నల్ ఒక చిన్న కాగితం ముక్క ముందుకు తోశాడు.

"నిన్న సాయంత్రం రైల్వేస్టేషన్ ముందు ఒకడు టాక్సీ కింద పడ్డాడు. పడ్డాడో, తోశారో. విదేశీ ముఠా మనిషి. వాడి బూటు మడమలో దొరికింది ఇది."

కాగితం మీద మూడే మాటలున్నాయి: 'పన్నెండు. ఒంటిగంట. ఎవరిదీకాదు.'

"ఏమిటిది?"

"మన పెట్టె. కింద ఇనపగదిలో ఉంది చూడు, కార్డుల పెట్టె. వియన్నాలో మనకి ఇంకా మిగిలున్న ముప్పై ఒక్కమంది అసలు పేర్లు, చిరునామాలు. పాత ఆఫీసు పన్నెండుకి రద్దు. కొత్తది ఒంటిగంటకి మొదలు. మధ్యలో గంటసేపు ఆ పెట్టెకి యజమాని లేడు."

"ఇప్పుడే తీసేద్దాం."

"ఇనపగదికి గడియారం తాళం. పన్నెండుకే తెరుచుకుంటుంది."

"పోలీసులు?"

"అడిగాను. ఒంటిగంట దాకా ఉండే ఆఫీసు నుంచి ఉత్తరం తెమ్మన్నారు."

"ఈ రద్దు ఉత్తర్వు టైపు చేసిందెవరు?"

"లెనోర్ ఆస్క్యూ."

వెండెల్ తలూపాడు. లెనోర్ అతనితో పాటు వియన్నాలో పనిచేసిన మనిషి. ఆకుపచ్చ టోపీ, మోచేతుల దాకా తొడుగులు. ఆమె గదిలోకొస్తే మగవాళ్లు చెబుతున్న మాట మధ్యలో మర్చిపోయేవారు. ఇటువైపు రహస్యాలు అటు, అటువైపువి ఇటు చేరవేసేది. ఎటు ఎక్కువ చేరవేసిందో ఎవరూ లెక్క తేల్చలేదు.

"పిస్తోలు?" అన్నాడు వెండెల్.

"తొమ్మిదింటికే అందరివీ వెనక్కి తీసుకున్నారు కదయ్యా. సిగరెట్ లైటరులో దాచిన ఆ కెమెరా కూడా ఇచ్చెయ్యి. పాత ఆఫీసు సామాను." కల్నల్ లేచి కిటికీలోంచి బయటికి చూశాడు. "పన్నెండు దాటితే నేనూ పార్కులో పావురాలకి గింజలు వేసుకునే ముసలాణ్ణే. ఒంటిగంటకి మళ్లీ కల్నల్‌నవుతా. ఆ గంట నువ్వే చూసుకో."

కార్డుల్లో పందొమ్మిదోది రెసీ ప్లోనర్‌ది. రొట్టెల కొట్టు నడుపుకునే ఆడమనిషి. వెండెల్‌ని పదకొండు రోజులు పిండి బస్తాల వెనక దాచింది. ఆ పెట్టె ముఠా చేతిలో పడితే వారం తిరక్కుండా ఆమె కూడా ఉరికంబం ఎక్కుతుంది. ఈ సంగతి వెండెల్‌కి తెలుసు. భయం మాత్రం రాలేదు. కాళ్లు వాటంతటవే మెట్లు దిగాయి.

నేలమాళిగలో మా మేస్త్రి ఒడెస్సా టిబ్స్ బకెట్లు కడిగించుకుంటోంది.

"మిస్ ఒడెస్సా, నాకో నీలం పనిబట్టల జత కావాలి."

"ఏం మిస్టర్ వెండెల్, మీకూ ఉద్యోగం ఊడిందా? మా దాంట్లో ఖాళీలున్నాయి. మోకాళ్లు గట్టిగా ఉండాలంతే."

"మీ ఆఫీసు పేరు కూడా మారుతోందా?"

"చీపురుకి కొత్త పేరు పెట్టి ఏం చేసుకుంటారండీ? మేం ప్రభుత్వ భవనాల వాళ్లం. నేను చేరిన ముప్పై ఎనిమిదిలో ఇదే బిళ్ల, ఇవాళా ఇదే బిళ్ల."

వెండెల్ ఆ బిళ్లకేసి కాసేపు చూశాడు.

"గురువారాలు మీరు కాగితాలు కాలుస్తారు కదూ?"

"పన్నెండింటికి. ఖాళీ చేసిన ఏ గదిలోనైనా సరే, మిగిలిన కాగితం బాయిలర్లోకే. నా సంతకం మీద."

వెండెల్ పెట్టె సంగతీ, రెసీ సంగతీ చెప్పాడు. పెట్టెని బాయిలర్ గదికి తోసుకెళ్లి దాచాలి. ఒంటిగంటకి కల్నల్ వచ్చి తీసుకుంటాడు. ఒడెస్సా చేతులు తుడుచుకుంది.

"ఆ రొట్టెలావిడకి పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"అయితే పదండి. ఆ బకెట్ పట్టుకోండి. అలా కాదు, బకెట్ మోసేవాడు అంత నిటారుగా నిలబడడు."

పన్నెండు కొట్టింది. ఇనపగది తాళం తనంతట తనే తెరుచుకుంది. అప్పటికే లెనోర్ అక్కడుంది. వెనకాల తోపుడుబండితో ఒక లావుపాటి మనిషి. నేల తుడుస్తున్న వెండెల్ వైపు ఆమె చూడనైనా లేదు. పనిబట్టల్లో ఉన్నవాళ్ల మొహాలు ఆ భవనంలో ఎవరూ చూసేవారు కారు.

కాపలాదారు క్లెమ్ డాబ్స్ ఆమె ఇచ్చిన కాగితం వేలితో తడుముతూ చదివాడు. నియమాల పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునే రకం.

"ఆఫీసు రద్దయితే సామాను మునుపటి యజమానికి చెందును. మునుపటి యజమాని వార్ డిపార్ట్‌మెంట్. ముద్ర ఉంది. సంతకం ఉంది. బాగానే ఉందమ్మా."

"తొందరగా ఇవ్వు క్లెమ్. లారీ ఎండలో నిలబడింది."

ఒడెస్సా తన బండి ఘడఘడలాడించుకుంటూ మధ్యలోకొచ్చింది.

"జరుగు నాయనా. గది ఖాళీ అయింది. కాగితం నాది. ఇదిగో ఫారం."

"ఆగవమ్మా, ఈమె ముందొచ్చింది."

"ముందొస్తే? గోడమీద నువ్వే పొద్దున అంటించావే నోటీసు, చదువు. నాకు చదువు రాదు గానీ నువ్వు పైకి చదువుతుంటే నేను పక్కనే తుడుస్తున్నా."

డాబ్స్ నోటీసు దగ్గరికెళ్లాడు. ఒక్కో వరసా వేలు పెట్టి చదివాడు. వెనక్కొచ్చి లెనోర్ కాగితం ఆమె చేతికే ఇచ్చాడు.

"వార్ డిపార్ట్‌మెంట్ అన్న పేరే పన్నెండుకి పోయిందమ్మా. ఇప్పుడది ఆర్మీ డిపార్ట్‌మెంట్. మీది చచ్చిపోయిన శాఖ ముద్ర."

ఆ ముద్ర మూడు నెలల కిందట ఎక్కడో సముద్రం అవతల చెక్కించింది. అప్పటికి ఈ పేరు మారుతుందని వాళ్లకి ఎవరు చెబుతారు?

"నా ముందున్నవాటిలో బతికున్న శాఖ ఇదొక్కటే," అని డాబ్స్ పెట్టెని ఎత్తి ఒడెస్సా బండిలో పెట్టాడు. ఆమె ఫారం మీద ముద్దగా సంతకం గీసింది.

బాయిలర్ గది తలుపు మూసేలోపే లావుపాటి మనిషి కాలు అడ్డం పెట్టాడు. చేతిలో పిస్తోలు. వెనకే లెనోర్. అప్పుడు గుర్తుపట్టింది.

"వెండెల్! నీలం రంగు నీకు నప్పలేదు."

"నీకు పచ్చ నప్పింది."

"పెట్టె కింద పెట్టు. చూడు, నేను రాక్షసిని కాదు. రెసీ కార్డు తీసి నీ చేతికిస్తాను. మిగతా ముప్పై నాకు. ఆమె బతుకుతుంది. నీకు ఇంకేం కావాలి?"

వెండెల్‌కి ఏమీ అనిపించలేదు. ముప్పైమంది, ఒకరు. వియన్నాలో ఆ జవాబు రాసినవాడు కూడా బహుశా ఇలాగే ఏమీ అనిపించకుండా రాసి ఉంటాడు. ఆ ఒక్క సంగతి మాత్రం అతని మనసులోకి వచ్చింది, చల్లగా, స్పష్టంగా.

అతను ఎడమచేత్తో బాయిలర్ తలుపు లాగాడు. ఎర్రగా కాలిన గొళ్లెం అరచేతికి అంటుకుంది. ముప్పై ఒక్క కార్డులూ పెట్టెతో సహా మంటలోకి వెళ్లిపోయాయి.

పిస్తోలు పైకి లేచింది. అదే క్షణంలో ఒడెస్సా గోడమీది ఆవిరి కుళాయి తిప్పింది. గది తెల్లబడిపోయింది. తుపాకీ పేలింది, గుండు పైకప్పులో దిగింది. లావుపాటి మనిషి మొహం పట్టుకుని కేకలు పెడుతుంటే ఒడెస్సా ఇనప బకెట్‌తో ఒక్కటిచ్చింది. చప్పుడు విని డాబ్స్ పరిగెత్తుకొచ్చాడు. నేరస్థులను ఎవరు అరెస్టు చెయ్యాలో అతని పుస్తకంలో ఉంది గానీ ఆ గంటకి ఆ అధికారి లేడు. అందుకని లావుపాటి మనిషిని బట్టలు ఆరేసే తాడుతో కట్టి, లెనోర్‌ని మధ్యలో కూర్చోబెట్టి, ఒంటిగంట దాకా అందరం ఎదురుచూశాం.

లెనోర్ బకెట్ మీద కూర్చుని టోపీ సర్దుకుంది.

"ఒక్క మాట వెండెల్. నేను టైపు మాత్రమే చేశాను. ఆ గంట ఖాళీ నేను పెట్టలేదు. మీ పెద్దలే పెట్టారు. భోజనానికి."

ఒంటిగంటకి కల్నల్ ఆర్ మళ్లీ కల్నలై వచ్చాడు. లెనోర్‌నీ లావుపాటి మనిషినీ కాపలాతో పంపించేశాక వెండెల్ పక్కన నిలబడ్డాడు.

"పేర్లు నీకు నోటికొచ్చు కదా. కొత్త ఆఫీసు కోసం మళ్లీ రాసిస్తావా?"

"గుర్తులేవు సార్."

కల్నల్ అతని మొహం చూసి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒడెస్సా వెండెల్ అరచేతికి వెన్న రాస్తూ అడిగింది.

"మండుతోందా?"

"తెలీడం లేదు."

కొత్త బిళ్ల కావాలంటే పాతది అప్పగించాలన్నారు. వెండెల్ పాత బిళ్ల పెట్టెతో పాటు బాయిలర్లోకి జారిపోయింది. మూడు నెలలు అతను ఏ రికార్డులోనూ లేకుండానే రోజూ ఆఫీసుకొచ్చాడు. మా గదిలో కూర్చుని రొట్టె తినేవాడు.

క్రిస్మస్ ముందు వియన్నా నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. చిరునామా అతని మొదటి ఆఫీసుది, రెండేళ్ల కిందట మూసేసినది. కార్డు ఊరంతా తిరిగింది. దాని మీద నాలుగు ముద్రలు పడ్డాయి, నాలుగూ ఒకటే మాట: 'ఇది మాది కాదు.' ఒడెస్సా దాన్ని చెత్తబుట్టలోంచి తీసింది, దాని మీది పేరు నేను చదివాను. వెనకవైపు పెన్సిల్‌తో రెండు వాక్యాలున్నాయి. కొట్టుకి కొత్త పొయ్యి పెట్టించానని, పెద్ద పిల్ల బడికి వెళ్తోందని.

వెండెల్ చదివాడు. జేబులోంచి వియన్నా జవాబు తీసి, కార్డుని దాని మడతల్లో పెట్టి మళ్లీ జేబులో వేసుకున్నాడు. తర్వాత కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"మిస్ ఒడెస్సా, ఇందులో చక్కెర వేశారా?"

"మూడు నెలలుగా వెయ్యడం లేదండీ. మీరు అడుగుతారేమోనని చూస్తున్నాం."

ఆ వారమే అన్ని శాఖలకూ ఒక నోటీసు వచ్చింది. ఇకముందు ఏ ప్రభుత్వ కార్యాలయమూ భోజనవేళలో రద్దు కారాదని.