కింద గదిలో వాసన

సాయిపద్మ మసేనుని మొదటిసారి పలకరించింది అతణ్ణి ఖాళీ చేయించడానికే.

బరంపురం శివార్లలో, అంకులిలో వాళ్ళ ఇల్లు. రోడ్డు వైపు ఒక షాపు, దాని కింద బేస్‌మెంట్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆమె తండ్రి కూర్మయ్య, ఆ షాపుని రామయ్యపట్నం నుంచి వచ్చిన మసేనుకి ఎండుచేపల వ్యాపారానికి అద్దెకిచ్చాడు. బేస్‌మెంట్‌లో సాయిపద్మ పెళ్ళి జాకెట్లు కుడుతుంది.

ఆ ఉదయం ఒక ఒడియా కస్టమర్ జాకెట్టు కోసం ఇచ్చిన తన పట్టుచీరను ముక్కు దగ్గర పెట్టుకుని, "గంధౌచి" అని వాపసు పట్టుకుపోయింది. తెలుగులో గంధం మంచి వాసన. ఒడియాలో కాదు.

సాయిపద్మ నేరుగా మెట్లెక్కి షాపులోకి వెళ్ళింది.

"మీ చేపల కంపు నా పట్టుచీరలకి పడతంది."

మసేను నెత్తళ్ళు తూస్తూ తలెత్తాడు. "చేపలు పైనున్నాయి. కంపు కిందున్నాది. కంపు మెట్లు దిగి ఎల్తాదేటండీ?"

"ఎల్తాది. మీ కంపుకి ఆ మాత్రం తెలివున్నాది."

"నాకు నేదంటారు?"

"నేనన్నేదు. మీరే అన్నారు."

అతను తూకం పూర్తి చేసి, పొట్లం కట్టి, అప్పుడు మాట్లాడాడు. "సరే. సరుకు తీసేస్తాను. కంపు పోతే నేను మళ్ళీ రాను."

ఇంత సులువుగా ఒప్పుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో సాయిపద్మకు తెలియలేదు. కోపం అలాగే మిగిలిపోయింది.

వానలోనే బస్తాలు వ్యానెక్కాయి. కూర్మయ్య వరండాలో నిలబడి, కూతుర్ని అత్తారింటికి సాగనంపుతున్నవాడిలా వాటిని చూశాడు.

వారం గడిచింది. కంపు పోలేదు. వానలకు ఇంకా పెరిగింది. ఆ పైన, తాళం వేసిన షట్టర్‌ని చూడ్డానికి మాటిమాటికీ బయటికి వెళ్ళాల్సిన పనేమీ లేదని సాయిపద్మకూ తెలుసు. అయినా వెళ్ళింది.

చందన అనే పాత కస్టమర్ ఇంటి పెళ్ళి జాకెట్లన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. అవి కూడా వాపసొస్తే కుట్టుపని మూసుకోవడమే. సాయిపద్మ మసేనుకి ఫోన్ చేసింది.

"కంపు పోయిందా?" అన్నాడు మసేను.

"నేదు."

"అయితే నేను కాదు."

"కాదు."

"ఏటన్నారు? ఇక్కడ సముద్రం హోరు."

"మీరు కాదు! తప్పు నాదే. ఒక్కసారి రండి."

"కంపు ఎతకడానికా?"

"మరి దేనికి?"

"ఊరికే అడిగినాను," అని ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా తడిసి ముద్దయి గుమ్మంలో ఉన్నాడు.

ఇద్దరూ బేస్‌మెంట్‌లో కుక్కల్లా వాసన పడుతూ మూలమూలా వెతికారు. మూల బాత్రూం తలుపు తీయగానే సాయిపద్మ చున్నీతో ముక్కు మూసుకుంది. ఎన్నాళ్ళుగానో ఎవరూ వాడని బాత్రూం అది. నీళ్ళు పోయే జాలీ మీదికి టార్చి కొట్టి చూసింది.

"ఎండిపోనాది. దీని కింద వంపులో ఎప్పుడూ నీళ్ళుండాలి. నేకపోతే డ్రైనేజీ గాలి పైకి తన్నేస్తాది."

"నేను కాదు గదా?"

"కాదని సెప్పినాను గదా! నీళ్ళు తెండి."

బకెట్ నీళ్ళు పోశాక సగం కంపు తగ్గింది. బీరువా జరిపితే వెనక గోడంతా చెమ్మ, దాని మీద నల్లటి బూజు. కింద పేర్చిన అట్టపెట్టెలు నాని మెత్తబడ్డాయి. ఒక పెట్టె ఎత్తుతుంటే అడుగున ఇద్దరి చేతులూ తగిలాయి. ఎవరూ చెయ్యి తీయలేదు. తీస్తే పెట్టె అడుగు ఊడిపోతుంది.

అప్పటికీ ఇంకో వాసన మిగిలింది. అది ఎండుచేపలదే. మసేను పాత కూలర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడేటీ నేదు."

"జరగండి."

కూలర్ వెనక ఒక పొట్లం. రైల్వే వాళ్ళ పచ్చజెండా గుడ్డలో చుట్టిన ఎండుచేపలు.

బీపీ ఉందని, ఉప్పు ముట్టొద్దని డాక్టరు కూర్మయ్యకి గట్టిగా చెప్పాడు. సాయిపద్మ ఆ గుడ్డ వైపు, తర్వాత మసేను వైపు చూసింది.

"మీకు ముందే తెలుసు."

"కొన్నాక ఎక్కడ దాస్తారో తెలీదు. ఇప్పుడు వాసన్ని బట్టి తెలిసింది. ఎవురికీ సెప్పొద్దన్నారు మావయ్య. మాటిచ్చినాను."

"నేను ఎల్లిపొమ్మన్నా సెప్పనేదేటి?"

"సెప్తే ఆయన్ని తిడతారు. నన్నైతే ఎలాగూ తిడతన్నారు."

సాయిపద్మ పొట్లం ముడి బిగించింది. "ఇంక ఆయనకి అమ్మకండి."

"అమ్మను."

"షాపు మళ్ళీ తెరవండి."

"కంపు?"

"భరిస్తాను."

"చేపల్నా, నన్నా?"

"రెండింటినీ."

మసేను జుట్టులో బూజు ఉంది. చేతులకు మురికి ఉంది. "నువ్వంటే నాకిష్టం పద్మా," అన్నాడు. 'మీరు' ఎక్కడో జారిపోయింది.

"ఇప్పుడా సెప్పడం? ఇలాగున్నప్పుడా?"

"మంచిరోజు సూసుకునేలోపు నువ్వు నన్ను మళ్ళీ ఖాళీ చేయిస్తావు."

ఆమె చున్నీ అంచుతో అతని జుట్టులో బూజు దులిపింది. అదే జవాబని అతనికి అర్థమవడానికి కొంత సమయం పట్టింది.

"ఏటి జరగతంది ఇక్కడ?" మెట్ల మీద కూర్మయ్య.

సాయిపద్మ పచ్చగుడ్డ పొట్లం ఎత్తి చూపించింది. "ముందు ఇదేటో నువ్ సెప్పు నాన్నా."

కూర్మయ్య పొట్లాన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. మసేనుని చూశాడు.

"అబ్బాయి మంచోడు," అన్నాడు.

"నేనింకా ఏటీ అడగనేదు."

"అడుగుతావు గదా. నాకిష్టమే." అని మెల్లగా వెనక్కి మెట్లెక్కాడు.

చందన పెళ్ళి జాకెట్లు ఏ వాసనా లేకుండా వెళ్ళాయి. ఆ ఆదివారం మసేను తల్లి దానమ్మ రామయ్యపట్నం నుంచి పిల్లని చూడ్డానికొచ్చింది. బేస్‌మెంట్ అంతా తిరిగి, ప్రతి మూలా ముక్కెగబీల్చింది.

"ఏ వాసనా నేదు," అంది.

సాయిపద్మకు గర్వంగా అనిపించింది.

"మరి ఇక్కడ మనుషులుంటారని ఎలా తెలుస్తాది?" అని దానమ్మ చాలా దిగులుపడింది. తర్వాత సంచీలోంచి గాజులు తీసి సాయిపద్మ చేతికి తొడిగింది. "పోన్లే. నెమ్మదిగా అలవాటు సేద్దాం."