గడప కింద గిన్నె

మా ఇంటి వెనకే పాత దిబ్బ. లోకంలో మొదట రాత నేర్చినవాళ్ల ఊరు దాని కిందే ఉందని మా మరిది ముహైసిన్ కనబడినవాళ్లందరికీ చెప్పి చంపుతుంటాడు. నూహు ప్రవక్త కాలపు జలప్రళయం కూడా గ్రంథాలకంటే ముందు మన మట్టిపలకల మీదే రాశారట. దివానియా పట్నం కాలేజీలో పాత లిపులు చదివాడు, చెప్పుకోనీ. కానీ ఆ రోజు వాడు చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

కొత్త గడప వేస్తానని పాతది పెకిలించాడు. కింద బోర్లించిన మట్టిగిన్నె ఉంది.

"దాన్ని ముట్టుకోకు," అన్నాను. "పసిపిల్లల కోసం వచ్చేదాన్ని అలా గిన్నె కింద మూసిపెట్టేవాళ్లట. మా నానమ్మ చెప్పేది."

వాడప్పటికే తిరగేశాడు. లోపలంతా చుట్టలు చుట్టలుగా నల్లటి రాత.

"వదినా, ఇది యూదుల గ్రంథం తౌరాతులో వాక్యం. దేవుడి పేరుంది. ఆ పేరు మట్టిలో బోర్లా పడుంటే చూస్తూ ఊరుకోమంటావా? పాపం తగలదూ?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంట్లో పాలు తాగే పసిబిడ్డ ఉంది. ఎలా ఉన్నదాన్ని అలా పెట్టెయ్."

వింటేనా? కడిగి, ముద్దు పెట్టుకుని, అలమారలో వెల్లకిలా పెట్టాడు మహానుభావుడు.

మధ్యాహ్నం దుమ్ముతుఫాను లేచింది. ఇల్లంతా చీకటి. ఎక్కడా చుక్క వాన లేదు, అయినా తడిమట్టి వాసన... ఉయ్యాల్లో నా కూతురు రబాబ్ ఏడుస్తోంది. నేను దీపం వెతికేలోపు ఏడుపు ఠక్కున ఆగింది. ఉయ్యాల ఊగుతోంది... ఎవరో ఊపుతున్నారు.

"నువ్వేనా?" అన్నాను.

"నేను తలుపు దగ్గరున్నా వదినా..." గుసగుసగా అన్నాడు.

"గిన్నె బోర్లించు. ఇప్పుడే..."

తడుముకుంటూ పోయి తీశాడు. గడప పెకిలించిన గుంటలో బోర్లించి మట్టి కప్పాడు. ఉయ్యాల ఆగింది. పిల్లను ఎత్తుకున్నాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

గాలి తగ్గాక వాణ్ణి చెడామడా తిట్టాను. నీ చదువు మట్టిగొట్టుకుపోనూ, నా బిడ్డే దొరికిందా నీ పాండిత్యానికి అన్నాను. వాడు గడప దగ్గరి మట్టివంకే చూస్తున్నాడు.

అప్పుడు నాకూ వినిపించింది. ఆకలేసినప్పటి రబాబ్ ఏడుపు... సన్నగా... ఆ మట్టి కిందనుంచి. నా రొమ్ముల్లో పాలు చేపుకొచ్చాయి.

ముహైసిన్ పార అందుకున్నాడు.

నా చేతుల్లోని పిల్ల వాడివైపు తిరిగింది. ఇంకా మెడ నిలవని పిల్ల... వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది.