పైడిరాజు భయం

2094లో విశాఖపట్నంలో సినిమాకి వెళ్లేవాళ్లకి టికెట్టుతో పాటు నుదుటికి కట్టుకునే పట్టీ ఇచ్చేవారు. తెర మీద మనిషి పడే భయం ఆ పట్టీ గుండా చూసేవాడి నరాల్లోకి పాకేది. నటులు భయపడ్డట్టు నటిస్తే పనికిరాదు. నిజంగా భయపడ్డవాడి దగ్గరే ఆ భయం తీసుకోవాలి.

అందుకోసం డాక్టర్ హైమవతి స్మృతిగ్రాహిణి అనే యంత్రం కనిపెట్టింది. కొందరు మెమరీ ఎక్స్‌ట్రాక్టర్ అనేవారు. అది జ్ఞాపకానికి నకలు తీయదు. మొత్తం తోడేస్తుంది. మనిషిలో ఆ జ్ఞాపకం ఇక ఏమీ మిగలదు.

చంద్రుడి మీది మంచు గనుల యుద్ధం నుంచి వచ్చిన పైడిరాజు ఆరేళ్లుగా మంచం కిందే ఉండేవాడు. అతని భార్య నూకరత్నం గదిలోకి వెళ్లేముందు గరిటెతో పళ్లెం మీద మూడుసార్లు కొట్టేది. కొట్టకుండా వెళ్తే శత్రువనుకుని మీద పడేవాడు. ఒకసారి ఆమె చెయ్యి విరిచాడు కూడా.

అతని భయం తోడుకుంటానని హైమవతి అడిగితే, మతి స్థిమితం లేనివాడు కాబట్టి అతని తరఫున నూకరత్నమే సంతకం పెట్టింది. అరగంటలో యంత్రం అతని యుద్ధాన్నంతా తోడేసింది. పైడిరాజు లేచి కూర్చుని, "ఆకలేస్తంది రత్నం, ఏటొండావు?" అన్నాడు. పూర్తి ఆరోగ్యవంతుడని హైమవతి సర్టిఫికెట్టు ఇచ్చింది.

అతని భయంతో తీసిన సినిమా చూస్తే ఇక ఎవరూ యుద్ధానికి వెళ్లరని ఆమె నమ్మకం. హాల్లో గుండెలు ఆగుతాయేమోనని సెన్సారువాళ్లు భయాన్ని పదో వంతుకి తగ్గించమన్నారు. తగ్గించింది. సినిమా నూరు రోజులు ఆడింది.

నూరో రోజున మొగుడూ పెళ్లాం కూడా వెళ్లారు. తెర మీద సైనికుడు గుంటలో ముడుచుకుని ఏడుస్తుంటే పైడిరాజు పగలబడి నవ్వాడు.

"ఎవడే ఈ పిరికోడు?"

"నువ్వేనయ్యా."

"చాల్లే. నేనైతే అలా ఏడుస్తానా?"

సినిమా చూసిన మూడో రోజు నూకరత్నం హైమవతి ప్రయోగశాలకి వచ్చింది.

"ఆ తోడింది మీ దగ్గరుందా, మేడమ్?"

"భద్రంగా ఉంది."

"తిరిగి పెట్టేయండి."

"మళ్లీ మంచం కిందకి పోతాడమ్మా!"

"పోనీండి. అక్కడుంటే నాకు కనబడతాడు. సైన్యంలో చేరిపోయాడు. మీ సర్టిఫికెట్టు చూపిస్తే వెంటనే తీసుకున్నారంట."

హైమవతి పాత ఒప్పంద పత్రం తీసి చూసింది.

"అప్పుడు మీ సంతకం చెల్లింది. ఇప్పుడాయనకి మతి ఉంది. ఆయనే సంతకం పెట్టాలి."

"మతుండే యుద్ధానికెల్తన్నాడా?"



నూకరత్నం ఇంటికి వచ్చింది. గది గుమ్మం దగ్గర, అలవాటు చొప్పున, పళ్లెం తీసి మూడుసార్లు కొట్టింది.

లోపల పైడిరాజు కొత్త బూట్లు తుడుచుకుంటున్నాడు. తలెత్తి చూసి నవ్వాడు.

"ఇంకా ఏటే నీకీ పిచ్చి?"