గాజు ఇంట్లో పసుపు మందారం

"ఒంటరిగా జూకి వెళ్ళే మగాణ్ణి కోతులు కూడా అనుమానిస్తాయి. ఫ్యామిలీతో వెళ్ళు," అన్నాడు చీఫ్.

"లేడీ ఏజెంట్‌ని ఇవ్వండి సార్."

"అందరూ సెలవులో ఉన్నారు. నీ భార్య?"

"హాస్పిటల్లో డ్యూటీ సార్."

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

ఇన్నేళ్ళూ అబద్ధాలతోనే ప్రాణాలు కాపాడుకొచ్చిన ఏజెంట్ చిరుత ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నిజం చెప్పాడు. "మా అత్తగారున్నారు సార్."

చీఫ్ ముఖంలో నవ్వు పోయింది. "ఆవిడకి ఏమీ తెలియకూడదు. ఈ మిషన్ ఆవిడ కొడుకు గురించే."

చిరుత బావమరిది సముద్రం అవతల ఒక షిప్పింగ్ కంపెనీలో గుమాస్తా. ఇంట్లోవాళ్ళకు తెలిసింది అంతే. ఆ కంపెనీ ఒక గూఢచారి ముఠాకి ముసుగు అనీ, ముఠాలో అతను మన మనిషనీ తెలిసినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. ఇప్పుడు అతను మన హెడ్డాఫీసు మెట్లు దిగుతున్న ఫోటో ఒక మైక్రోచిప్‌లోకి ఎక్కింది. అది ముఠా చేతికి చేరిన రోజే అతని ఆఖరి రోజు.

"పాత జూ. అందులోనే బొటానికల్ గార్డెన్," చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "గాజు ఇంట్లో పసుపు మందారం ఒక్కటే ఉంటుంది. కింది కొమ్మ, ఆకు అడుగున చిప్. పులులకి మాంసం వేసే గంట కొట్టగానే జనమంతా బోన్ల వైపు పరిగెడతారు. అప్పుడు కొరియర్ వస్తాడు. నువ్వు ముందే వెళ్ళి మార్చెయ్."

అని ఒక పెన్ను ఇచ్చాడు. అందులో నకిలీ చిప్, ఆ చిప్‌లో అవే మెట్లు దిగుతున్నట్టు ముఠా క్యాషియర్ ఫోటో.

"ఎవరిచ్చారు సార్ ఈ కబురు?"

"నెమలి."

చిరుత నిట్టూర్చాడు. నెమలి రెండు దేశాలకూ పనిచేసే అందగత్తె. ఏ పూట ఎవరి పక్షమో ఆవిడకే తెలియాలి.

జూ గేటు పక్కనే ఒక ముసలి తాబేలు ఆవరణ ఉంది. తోటలో ఎవరైనా కొమ్మ తుంపుకొస్తే కాపలాదారు లాక్కుని ఆ తాబేలుకి వేస్తాడు. జూ కట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. తాబేలు పుష్టిగా ఉంది.

ఆ సంగతి రాసిన బోర్డు చదివి అత్తగారు ముక్కున వేలేసుకుంది. "ఎంత దొంగబుద్ధులండీ జనానికి!"

అక్కడి నుంచి మొదలైంది చిరుత నరకం. ఆవిడ ప్రతి బోను దగ్గరా ఆగింది, ప్రతి బెంచీ మీదా కూర్చుంది. చిరుతపులి ముందు మరీ ఎక్కువసేపు నిలబడింది.

"దీనికేం పనీపాటా లేదా అండీ? తినడం, పడుకోవడమేనా?"

అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

చిలకల దగ్గర ఆవిడ గొంతు మారింది. "ఇవే నయం. పిలిస్తే పలుకుతాయి. మీ బావమరిది ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో చూడండి."

"బిజీగా ఉంటాడండీ."

"ఏం బిజీ? ఓడల్ని వాడే తోస్తున్నాడా?"

చిరుతకు నోటిదాకా వచ్చింది. వాడి కోసమేనమ్మా, కాస్త త్వరగా నడవండి! మింగేశాడు.

దాహమంటే నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ! ఏనుగుల దగ్గర లేదు, కొలను దగ్గర లేదు. తల బాదుకోబోతుంటే అత్తగారు చేతిసంచి గుండెకు హత్తుకుని తాపీగా ఎదురొచ్చింది.

"ఎక్కడికెళ్ళారండీ?" దాదాపు అరిచాడు.

"ఊరికే, అలా చూసొచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి బాబూ, గేటు దగ్గర కూర్చుంటాను."

హమ్మయ్య అనుకుని గాజు ఇంట్లోకి దూకినంత పని చేశాడు. లోపలి ఆవిరికి కెమెరా కళ్ళద్దాలు మసకబారాయి. చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతుకు బదులు చిలకల గోల. కళ్ళద్దాలు పీకి జేబులో వేసుకుని మందారం దగ్గర వంగాడు. కింది కొమ్మ లేదు!

వీపుకు గొడుగు మొన తగిలింది. దాని లోపల ఉన్నది పిస్టల్ గొట్టమని అతనికి తెలుసు.

"లేటయ్యావు చిరుతా," అంది నెమలి. "చిప్ ఇలా ఇచ్చెయ్. ఈ పూట నేను వాళ్ళ మనిషిని."

చిరుత చూపు కొమ్మ తెగిన చోటనే ఉంది. కత్తితో కోసింది కాదు. బొటనవేలి గోటితో, కణుపు కింద, ఏటవాలుగా గిల్లిన గాటు. ఆ గాటు అతనికి బాగా తెలుసు. ఇంట్లో బాల్కనీ నిండా మొక్కలే. కొని తెచ్చింది ఒక్కటీ లేదు.

ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే అత్తగారి కాళ్ళ మీద పడి మొక్కాలనీ అనిపించింది.

"సరే, గెలిచావు. పెన్నులో ఉంది," అంటూ ముఖం వేలాడేసుకుని పెన్ను అందించాడు.

గంట మోగింది. బైనాక్యులర్స్ మెడలో వేసుకున్న ముసలి టూరిస్టు వచ్చి, నెమలి చేతిలోంచి నకిలీ చిప్ అందుకుని, వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. చిరుత గేటు వైపు పరుగు తీశాడు.

అప్పటికే కాపలాదారు అత్తగారి సంచి తెరిపిస్తున్నాడు. తడి రుమాల్లో చుట్టిన కొమ్మ బయటికొచ్చింది. దానికి ఒక పసుపు మొగ్గ.

"పడిపోయి ఉంటే తీశాను నాయనా," అంది అత్తగారు, కళ్ళార్పకుండా.

చిరుత వెనకే వచ్చిన నెమలి ఆ మొగ్గను చూసింది. ఆవిడ నవ్వు చెదిరిపోయింది. "ఆ కొమ్మ ఒకసారి ఇలా ఇవ్వండి," అంటూ చెయ్యి చాచింది.

"ఎవరికీ ఇవ్వం మేడం. రూలు," అని కాపలాదారు కొమ్మను ఆవరణలోకి విసిరేశాడు.

పొద్దుటి నుంచీ రాయిలా పడున్న తాబేలు మెడ చాచింది. ఆకు, మొగ్గ, మైక్రోచిప్, అన్నీ నింపాదిగా నమిలి మింగింది.

నెమలి గొడుగు ఎత్తేలోపు చిరుత ఉంగరంలోని మత్తుసూది ఆవిడ మణికట్టులో దిగింది. ఆవిడ నిలువునా కూలింది.

"అయ్యో, వడదెబ్బ!" అత్తగారు సీసాలో నీళ్ళన్నీ ఆవిడ ముఖాన కొట్టింది. డిపార్ట్‌మెంట్ అంబులెన్స్ వచ్చి నెమలిని ఎక్కించుకుపోయింది.

"ఒరిజినల్ చిప్ ఏది?" సాయంత్రం చీఫ్ అడిగాడు.

"తాబేలు కడుపులో సార్."

"బయటికి ఎప్పుడొస్తుంది?"

"అది తొందరపడే రకం కాదు సార్."

వారం తిరక్కుండానే ముఠా తన క్యాషియర్ని తనే పట్టుకుని చితకబాదిందని కబురొచ్చింది. ఆ సందడిలో ఇంటికి ఒక ఫోన్ కూడా వచ్చింది.

"ఏరా, బతికే ఉన్నావా?" అత్తగారు గట్టిగా తిట్టబోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పక్కన చిరుత పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి.

"మీ బావగారు మొన్న జూకి తీసుకెళ్ళార్రా," అంటోంది ఆవిడ. "మనిషి మంచివారే. కానీ ఏం లాభం, పక్కనే నిలబడి కూడా నా ఒక్క కొమ్మని కాపాడలేకపోయారు."